కె.డి.పేట అన్న, హైదరాబాద్ తమ్ముడు: ఎవరికి షుగర్ వస్తుంది?

ముందు ఒక చిన్న పని. వీడియో ఆపక్కర్లేదు. ఇప్పుడొస్తున్న చాలా ఫోన్లలో మన అడుగులు లెక్కపెట్టే యాప్ ఒకటి ఉంటుంది. మనం తెరిచి చూడకపోయినా అది జేబులో కూర్చుని లెక్కపెడుతూనే ఉంటుంది. దాంట్లో ఒక మామూలు పని రోజు తీసి చూడండి. పండగ రోజు వద్దు, పెళ్ళికి వెళ్ళిన రోజు వద్దు. పొద్దున్న లేచి ఆఫీసుకో, షాపుకో, కోచింగ్‌కో వెళ్ళి, తిరిగి రూముకి వచ్చి పడుకున్న రోజు.

ఎంత ఉంది? రెండు వేలా? మూడు వేలా? సిగ్గుపడక్కర్లేదు. ఆ అంకె గుర్తుపెట్టుకోండి, కాసేపటికి దాంతో పని పడుతుంది.

ఈరోజు కూర్చోవడం గురించి మాట్లాడుకుందాం. ఈ టాపిక్ మీద మీరు చాలా వీడియోలు చూసే ఉంటారు. పొద్దున్నే ఐదింటికి లేవండి, జిమ్‌కి వెళ్ళండి, బద్ధకం వదిలించుకోండి అంటారు. ఆ బద్ధకం అనే మాట దగ్గరే నాకు పేచీ. మన ఊళ్ళ నుంచి సిటీకి వెళ్ళి రోజుకి పన్నెండు గంటలు పని చేస్తున్న వాడిని పట్టుకుని బద్ధకస్తుడు అంటే ఎలా? వాడు పని చేస్తున్నాడు. కాకపోతే ఆ పని కూర్చుని చేస్తున్నాడు. అదొక్కటే తేడా. ఆ తేడా ఒంటికి ఎంత ఖరీదో చూద్దాం.

కృష్ణదేవిపేట తీసుకుందాం. మనవాళ్ళు కె.డి.పేట అంటారు. గొలుగొండ మండలం, నర్సీపట్నం దాటి లోపలికి వెళ్తే మైదానం అయిపోయి మన్యం మొదలయ్యే చోటు. బయటివాళ్ళకి ఆ ఊరు ఒక్క కారణంతో తెలుసు. అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడే ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. సినిమాల్లో మనకి తుపాకులు కనపడతాయి, బాణాలు కనపడతాయి. ఈసారి మ్యాప్ తెరిచి ఆ మూడు ఊళ్ళ మధ్య ఉన్న కొండలు చూడండి. ఆ మనుషులు ఆ కొండలన్నీ నడిచారు. నడవడం వాళ్ళకి ప్రత్యేకమైన సంగతి కాదు. మన్యంలో సంతకెళ్ళాలన్నా, చుట్టాలింటికెళ్ళాలన్నా, పోడు దగ్గరకెళ్ళాలన్నా నడకే.

అయితే "ఆ రోజులే బాగుండేవి" అని నేను అనను. ఆ నడకలో సుఖం ఏమీ లేదు. ఘాట్ రోడ్ల పనికి మన్యం జనాన్ని పెట్టుకుని కూలి సరిగ్గా ఇవ్వకపోవడం, పోడు చేసుకోనివ్వకపోవడం, అడవిలోకి వెళ్ళాలంటే సవాలక్ష ఆంక్షలు... పితూరీకి ఇవన్నీ కారణాలే. ఒళ్ళు వంచడం అప్పట్లో ఆరోగ్యం కోసం కాదు, బలవంతం మీద. అంత వెనక్కి ఎందుకు, మన అమ్మమ్మలు, నానమ్మల సంగతి చూడండి. నీళ్ళు మోశారు, కట్టెలు మోశారు, రోట్లో రుబ్బారు, రోజంతా నడుం వంచి నాట్లు వేశారు. వాళ్ళ మోకాళ్ళ నొప్పులు వాళ్ళకే తెలుసు. ఊళ్ళోకి కుళాయి వచ్చింది, గ్యాస్ వచ్చింది, మిక్సీ వచ్చింది. రావాల్సిందే. ఎవరైనా "మళ్ళీ రోట్లో రుబ్బుకోండి, ఆరోగ్యం" అంటే ముందు వాళ్ళనే ఒక నెల రుబ్బి చూపించమనండి.

కానీ ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటి ఉంది. ఆ తరాల్లో ఎవరూ "నేను ఈరోజు వ్యాయామం చెయ్యాలి" అని తీర్మానం చేసుకుని కదల్లేదు. రోజు గడవాలంటే కదలాల్సి వచ్చింది. ఇప్పుడు కదలకుండానే రోజు గడిచిపోతోంది. పాలు గుమ్మం దగ్గరకొస్తాయి, బిర్యానీ గుమ్మం దగ్గరకొస్తుంది, కరెంటు బిల్లు పడుకునే కట్టేస్తాం. మన మనసు మారలేదు ఫ్రెండ్స్, మన రోజు మారిపోయింది.

దీనికి సాక్ష్యం ఉందా అంటే, ఉంది. మన హైదరాబాద్ కూడా అందులో ఉంది. ఇండియన్ మైగ్రేషన్ స్టడీ అని ఒకటి జరిగింది. హైదరాబాద్, బెంగళూరు, నాగ్‌పూర్, లక్నో, ఈ నాలుగు నగరాల్లో ఫ్యాక్టరీల్లో పని చేసేవాళ్ళని, వాళ్ళ భార్యల్ని, భర్తల్ని తీసుకున్నారు. వాళ్ళలో పల్లెటూరి నుంచి వలస వచ్చినవాళ్ళని ఒక మాట అడిగారు. "ఊళ్ళోనే ఉండిపోయిన మీ తోబుట్టువు ఒకరిని తీసుకురండి" అని. మగవాళ్ళయితే అన్నో తమ్ముడో, ఆడవాళ్ళయితే అక్కో చెల్లెలో. వయసులో కూడా దగ్గరగా ఉన్నవాళ్ళు.

ఎంత తెలివైన ఆలోచనో చూడండి. మామూలుగా సిటీవాళ్ళని, పల్లెవాళ్ళని పోల్చితే "వాళ్ళ రక్తం వేరు, వాళ్ళ వంశం వేరు" అంటారు. ఇక్కడ ఆ మాట అనడానికి లేదు. ఒకే తల్లిదండ్రులు, చిన్నప్పుడు ఒకే కంచంలో అన్నం. ఒకడు ఊళ్ళో ఉండిపోయాడు, ఒకడు బస్సెక్కాడు.

2010లో ప్లాస్ మెడిసిన్ అనే జర్నల్లో ఫలితాలు వచ్చాయి. మగవాళ్ళ లెక్కలు చెప్తాను. ఊళ్ళో ఉన్నవాళ్ళలో నూటికి 19 మంది ఊబకాయం లెక్కలోకి వచ్చారు. వలస వచ్చినవాళ్ళలో దాదాపు 38 మంది. ఇక షుగర్. ఊళ్ళో నూటికి 6 మంది, వలస వచ్చినవాళ్ళలో 14 మంది. మరి మొదట్నుంచీ సిటీలోనే ఉన్నవాళ్ళలో ఎంత? 13 నుంచి 14 మధ్య. అంటే ఊరి నుంచి వచ్చినవాడు షుగర్ విషయంలో సిటీవాడిని పూర్తిగా అందుకున్నాడు. ఇంగ్లీషు అందుకోవడానికి, అద్దె అందుకోవడానికి తిప్పలు పడ్డాం గానీ దీన్ని మాత్రం తేలిగ్గానే అందుకున్నాం.

ఇదంతా కూర్చోవడం వల్లేనా? కాదు. తిండి మారింది, నూనె పెరిగింది, నిద్ర తగ్గింది. కానీ వలస వచ్చినవాళ్ళలో శారీరక శ్రమ తగ్గిందని కూడా అదే పరిశోధన చూపించింది. కాబట్టి కె.డి.పేటలో అన్న, హైదరాబాద్‌లో తమ్ముడు ఉన్న ఇల్లు ఏదైనా ఊహించుకోండి. సంక్రాంతికి ఇంటికొచ్చిన తమ్ముడిని చూసి అమ్మ "ఒళ్ళు చేశావు నాన్నా, బాగున్నావు" అని మురిసిపోతుంది. ఆ ఒళ్ళు ఎక్కడ చేరిందో చూడాలి. నడుం చుట్టూ చేరితే మురవాల్సింది కాదు. మనవాళ్ళకి చేతులు కాళ్ళు సన్నగానే ఉండి పొట్ట మాత్రం వస్తుంది. బరువు పెద్దగా లేకపోయినా షుగర్ వస్తుంది. అందుకే మన దేశంలో ఊబకాయానికి బీఎంఐ గీత 25 దగ్గరే గీస్తారు, అదే ప్రపంచవ్యాప్తంగా అయితే 30.

ఇప్పుడు కొంచెం దూరం వెళ్దాం, లండన్‌కి. భయపడకండి, బస్సు గురించే. అక్కడ రెండంతస్తుల బస్సులు. డ్రైవర్ రోజంతా కూర్చుంటాడు. కండక్టర్ టికెట్ల కోసం రోజంతా మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. జెర్రీ మోరిస్ అనే డాక్టర్‌కి అనుమానం వచ్చింది. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే కంపెనీ, ఇంచుమించు ఒకే తరగతి కుటుంబాలు. మరి గుండె జబ్బులు ఎవరికి ఎక్కువ? 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. డ్రైవర్లకి ఎక్కువ. కండక్టర్లకి గుండెపోటు తక్కువగా వచ్చింది, వచ్చినా తట్టుకుని బతికినవాళ్ళు ఎక్కువ.

మీలో తెలివైనవాళ్ళు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. "ముందే లావుగా ఉన్నవాళ్ళు డ్రైవర్ ఉద్యోగంలో చేరారేమో?" మోరిస్ బృందానికీ అదే ప్రశ్న వచ్చింది. ఏం చేశారో తెలుసా? కంపెనీ కుట్టించిన యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు తీయించారు! నిజంగానే డ్రైవర్ల నడుములు మొదట్నుంచీ కొంచెం పెద్దవే. కానీ తర్వాత ఇంకా లోతుగా చూస్తే, సన్నగా ఉన్న డ్రైవర్‌ని సన్నగా ఉన్న కండక్టర్‌తో పోల్చినా, లావుగా ఉన్నవాళ్ళని లావుగా ఉన్నవాళ్ళతో పోల్చినా, కండక్టర్ల గుండెలే మెరుగ్గా ఉన్నాయి. నాకు ఇందులో బాగా నచ్చింది ఏంటంటే, ఆ కండక్టర్లలో ఒక్కడు కూడా ఆరోగ్యం కోసం మెట్లెక్కలేదు. టికెట్లు కొట్టడానికి ఎక్కాడు. మన పల్లెవెలుగు బస్సులో జనం మధ్య ఇరుక్కుంటూ "జరగండి జరగండి" అని వెనక సీటు దాకా వెళ్ళే కండక్టర్‌ని చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఈమధ్య కొన్ని సర్వీసుల్లో డ్రైవరే టికెట్ కూడా కొట్టేస్తున్నాడు, అది వేరే సంగతి.

ఈ లెక్కన డెలివరీ చేసే తమ్ముళ్ళు కూడా ఆలోచించుకోవాలి. రోజంతా తిరుగుతున్నాం అనుకుంటాం. తిరిగేది బండి. మీరు సీటు మీదే ఉన్నారు. మూడో అంతస్తుకి మెట్లెక్కి పార్సిల్ ఇచ్చిన ఆ రెండు నిమిషాలే మీ ఒంటికి దక్కిన లాభం. (కస్టమర్ రేటింగ్ ఇవ్వకపోయినా సరే.)

ఒంట్లో ఏం జరుగుతుందో సింపుల్‌గా చెప్తాను. మనం అన్నం తింటే చక్కెర రక్తంలోకి వస్తుంది. దాన్ని అందులోంచి లాగి దాచుకునే పెద్ద గోడౌన్ మన కండరాలు. ముఖ్యంగా తొడలు, పిక్కలు, పిర్రలు. కండరం పని చేస్తే ఇన్సులిన్ పెద్దగా అడగకుండానే చక్కెరని లోపలికి లాక్కుంటుంది. కూర్చున్నామంటే ఆ గోడౌన్ తలుపులు సగం మూసేసినట్టే. సరుకు బయట లారీల్లో నిలబడిపోతుంది. రోజూ ఇలాగే జరిగితే ఆ సరుకు లివర్లోకి, పొట్ట చుట్టూ కొవ్వులోకి వెళ్తుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. అందులో 84 శాతం మందికి లివర్లో కొవ్వు చేరి ఉంది. ఒక్క నగరం, చిన్న శాంపిల్, కాబట్టి దేశంలో ఐటీవాళ్ళందరికీ ఇదే లెక్క అని అనకూడదు. అయినా 345లో అంతమంది అంటే వదిలేసే సంగతి కూడా కాదు.

దేశం మొత్తం చూస్తే 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో ఒక పెద్ద అంచనా వచ్చింది. 2000లో మన దేశంలో పెద్దవాళ్ళలో నూటికి 22 మంది చాలినంత కదలడం లేదు. 2022కి వచ్చేసరికి అది దాదాపు సగం అయింది, 49 శాతం పైనే. మగవాళ్ళలో 42, ఆడవాళ్ళలో 57.

ఆ 57 దగ్గర కాస్త ఆగుదాం. చాలామంది మగవాళ్ళు దీన్ని చూసి "ఇంట్లో ఉంటారు, సీరియళ్ళు చూస్తారు" అని జోకులేస్తారు. మరి సాయంత్రం ఆరున్నర దాటాక ఒక ఆడపిల్ల హాస్టల్ నుంచి బయటకొచ్చి ఏ రోడ్డు మీద నడవాలో మీరే చెప్పండి. ఫుట్‌పాత్ మీద బండ్లు, బళ్ళ పక్కన పోకిరీలు, వీధి దీపం వెలగదు. ఊళ్ళో కాలేజీ గ్రౌండ్ ఉంటే అందులో సాయంత్రమంతా మనమే క్రికెట్ ఆడుతుంటాం. విశాఖలో పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేసి వాకింగ్‌కి వదిలేస్తారు. మంచి పని. కానీ గాజువాకలో రూము తీసుకుని ఆరింటికి షిఫ్ట్ ఎక్కే అమ్మాయికి ఆ బీచ్ రోడ్డు ఎంత దూరం? కాబట్టి కదలకపోవడం అనేది సగం మన చేతిలో ఉన్న విషయం, సగం మున్సిపాలిటీ చేతిలో ఉన్న విషయం. మన వార్డులో ఫుట్‌పాత్ అడగడం కూడా ఆరోగ్యం పనే అని నా అభిప్రాయం.

సరే, మన చేతిలో ఉన్న సగం సంగతి చూద్దాం. ఇందాక గుర్తుపెట్టుకోమన్న అంకె తీయండి.

పదివేల అడుగులు నడవాలి అని వినే ఉంటారు. ఆ పదివేలు ఏ డాక్టరూ లెక్కకట్టి చెప్పింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటర్ అమ్ముతూ దానికి "పదివేల అడుగుల మీటర్" అని పేరు పెట్టింది. గుండ్రటి అంకె, జనానికి నచ్చింది, అలా ఉండిపోయింది. 2025లో చాలా పరిశోధనలు కలిపి చూసినవాళ్ళు ఏం చెప్పారంటే, రోజుకి రెండు వేల అడుగులు వేసేవాళ్ళతో పోలిస్తే ఏడు వేలు వేసేవాళ్ళలో త్వరగా చనిపోయే ముప్పు దాదాపు సగం తక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఎక్కువ నడుస్తారు కాబట్టి ఈ లెక్కలో కొంత తీసేసుకోవచ్చు. అయినా రెండు వేల దగ్గరున్నవాడికి నాలుగు వేలు కూడా లాభమే. పదివేలు కుదరదు కాబట్టి అసలు మానేద్దాం అనుకోవడమే నష్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది ఏంటంటే, వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి శ్రమ, దానికి తోడు వారంలో రెండు రోజులు కండరాలకి పని. ఓ మాదిరి శ్రమ అంటే పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. 150 అంటే రోజుకి 22 నిమిషాలు. అంతకుముందు ఒక్కోసారి కనీసం పది నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్క అనేవాళ్ళు. ఇప్పుడు ఆ షరతు లేదు. రెండు నిమిషాలైనా లెక్కలోకే వస్తుంది.

మరి జిమ్‌కి వెళ్ళే మిత్రులు? వెళ్ళండి, చాలా మంచిది. కానీ పొద్దున్న నలభై నిమిషాలు జిమ్ చేసి, "నా కోటా అయిపోయింది" అని రాత్రి దాకా కుర్చీకి అతుక్కుపోతే పూర్తిగా సరిపోదు. 2016లో పది లక్షల మందికి పైగా వివరాలు కలిపి చూశారు. రోజుకి ఎనిమిది గంటలు పైన కూర్చునేవాళ్ళకి ఆ నష్టం పోవాలంటే రోజుకి 60 నుంచి 75 నిమిషాల శ్రమ కావాల్సి వచ్చింది. మనలో ఎంతమందికి రోజూ అంత టైం ఉంటుంది? అందుకే కూర్చోవడాన్ని మధ్యమధ్యలో తెంపడం తేలికైన దారి. ఆస్ట్రేలియాలో 2012లో ఒక ప్రయోగం చేశారు. అధిక బరువు ఉన్నవాళ్ళని ఒక రోజు అలాగే కూర్చోబెట్టారు, ఇంకో రోజు ప్రతి 20 నిమిషాలకి 2 నిమిషాలు మెల్లగా నడిపించారు. తిన్న తర్వాత పెరిగే చక్కెర నాలుగో వంతు తగ్గింది. చెమట పట్టలేదు, షూ కొనలేదు, ఫీజు కట్టలేదు.

ఆఫీసులో ప్రతి 20 నిమిషాలకి లేస్తే మేనేజర్ ఊరుకుంటాడా అంటే, ఊరుకోడు. గంటకోసారి లేవండి. లీటరు బాటిల్ పక్కన పెట్టుకోవడం మానేసి చిన్న గ్లాసు పెట్టుకోండి, నీళ్ళకోసం లేస్తారు, తర్వాత ఇంకోదానికోసం కూడా లేస్తారు. కాల్ సెంటర్‌లో హెడ్‌సెట్ తీగ ఎంత పొడవుంటే అంత దూరం నిలబడి మాట్లాడండి. షాపులో క్యాష్ కౌంటర్ దగ్గర ఉంటే కస్టమర్ లేనప్పుడు ఒక రౌండు కొట్టండి. బస్సుకి వెళ్ళేవాళ్ళు ఒక స్టాపు ముందు దిగండి. మెట్రోకి వెళ్ళేవాళ్ళు ఎస్కలేటర్ పక్కనే మెట్లుంటాయి, ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఫోన్. రాత్రి అమ్మ ఫోన్ చేస్తుంది. "తిన్నావా? ఏం కూర?" అని మొదలై ఊళ్ళో వాళ్ళందరి కబుర్లూ అయ్యేసరికి అరగంట. మంచం మీద పడుకుని మాట్లాడే ఆ అరగంట, భోజనం అయ్యాక, డాబా మీద నడుస్తూ మాట్లాడండి. మూడు వేల అడుగులు దాకా వస్తాయి. హాస్టల్ అమ్మాయిలకి రోడ్డెక్కాల్సిన పని కూడా లేదు. తిన్న వెంటనే నడవడం చక్కెరకి ఇంకా మంచిది. రీల్స్ కూడా నిలబడి చూడండి. కాళ్ళు నొప్పెట్టగానే చూడటం ఆపేస్తారు, రెండు లాభాలు.

కండరాల పనికి డంబెల్స్ కొనక్కర్లేదు. గుంజీలు తీయండి. స్కూల్లో మాస్టారు శిక్షగా తీయించినవే. పది తీసి ఆగండి, మళ్ళీ పది. కింద కూర్చుని చెయ్యి ఆనకుండా లేవడం వస్తోందో లేదో చూడండి. పాతికేళ్ళ వయసులో అది రాకపోతే ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఒక జాగ్రత్త. నడుస్తుంటే ఛాతీలో బరువుగా అనిపించడం, ఎడమ చెయ్యి లాగడం, తల తిరగడం, విపరీతమైన ఆయాసం ఉంటే ఆపేసి వెంటనే డాక్టర్ దగ్గరకి వెళ్ళండి. షుగర్ మందులు వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా నడక పెంచేముందు డాక్టర్‌కి చెప్పండి. 30 దాటినవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. ఇంట్లో అమ్మానాన్నలకి ఎవరికైనా షుగర్ ఉంటే 30 దాకా ఆగకుండా ముందే చూపించుకోండి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైన. దానికి అంచున ఉన్నవాళ్ళు ఇంకో 13 కోట్ల పైన. ఆ అంచున ఉన్నవాళ్ళు చాలావరకు వెనక్కి రాగలరు. చాలామందికి తాము అక్కడ ఉన్నట్టే తెలియదు.

ఇంకొక్క మాట, ఊళ్ళో ఉన్న అన్న గురించి. పైన చెప్పిన అన్నదమ్ముల లెక్కలు 2010లో వచ్చినవి. ఇప్పుడు కె.డి.పేటలో కూడా పొలం గట్టు దాకా బండి మీదే వెళ్తున్నాం. దుక్కి ట్రాక్టర్ దున్నుతోంది, కోత మిషను కోస్తోంది, సాయంత్రం రచ్చబండ మీద నలుగురూ ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటున్నారు. నర్సీపట్నం వెళ్తే నూడుల్స్ బండ్లు వరసగా ఉన్నాయి. పండక్కి ఇంటికెళ్ళిన తమ్ముడు అన్నని కూడా పీహెచ్‌సీకి తీసుకెళ్ళి ఒకసారి షుగర్ చూపించండి. "నాకేంట్రా, నేను పొలం పని చేస్తాను" అంటాడు. అన్నా సరే, తీసుకెళ్ళండి.

మీ ఫోన్లో కనపడిన అంకె ఎంతో కామెంట్లో రాయండి, అబద్ధం చెప్పకుండా. నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళు చాలామంది నిద్ర గురించి అడుగుతున్నారు, వచ్చే ఎపిసోడ్ దాని మీదే. ఉంటాను.